దూరమునుండి పాటను నడపుట

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమున జరిగిన యొక చిన్న సంగతి ఈ వ్యాసమునకు కారణమైనది. ఆఱవ తరగతి బాలికలు రెండు నెలలు సాధన చేసిన కోలాటమును వేదికపై ప్రదర్శించుచుండిరి. పాట యొక మాష్టరుగారి మొబైల్ ఫోనునుండి బ్లూటూత్ మూలమున లౌడుస్పీకరునకు చేరుచుండెను. రెండవ చరణము నడుచుచుండగా వారికి ఇంటినుండి ఫోను వచ్చినది. తత్క్షణమే పాట నిలిచిపోయెను. బాలికలు ఎత్తిన కోలలు ఎత్తినట్లే యుంచి నిలువబడిరి. సభలో కొందఱు నవ్విరి. వరుస చివర నున్న చిన్నది కన్నుల నీరు నింపుకొనెను. మాష్టరుగారు తొందరలో ఫోను చేతబట్టుకొని హాలు వెలుపలికి పోయిరి. పాట మరల మొదలైనను, దూరము పెరుగుటచే ముక్కలు ముక్కలుగా వినవచ్చెను.

నాటినుండి మా విజ్ఞాన సంఘమువారము ఈ విషయమును విచారింపసాగితిమి. తప్పు ఇంటినుండి పిలిచినవారిది కాదు, మాష్టరుగారిదియు కాదు. పాటను వినిపించు పనిని, పాటను నడపు పనిని, రెంటిని ఒకరి స్వంత ఫోనుమీదనే మోపుట తప్పు. ఈ రెండు పనులను విడదీసి, ఒక ఫోనును స్పీకరుకడ నుంచి, మఱొక ఫోనును చేత నుంచుకొని, దూరమునుండి మొదటిదానికి ఆజ్ఞలిచ్చు పద్ధతి కలదు. దానిని మేము నేర్చుకొంటిమి; ఈ సంవత్సరము ఉపయోగించితిమి. మేము తెలిసికొన్నదానిని సోదర విద్యార్థుల యుపయోగార్థము ఇచ్చట క్రమముగా వివరించుచున్నాము.

దూరమునుండి యంత్రమునకు ఆజ్ఞ యిచ్చుట నేటి క్రొత్త యూహ కాదు. 1898వ సంవత్సరమున నికొలా టెస్లా న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నీటితొట్టియందలి చిన్న పడవను, తీగ లేకయే, రేడియో తరంగములతో నడిపి చూపెను. తరువాత 1939 నాటి రేడియోలతో ఫిల్కో అను అమెరికా కంపెనీవారు ‘మిస్టరీ కంట్రోల్’ అను చిన్న పెట్టెను అమ్మిరి. దానిపై ఆ కాలపు టెలిఫోనునకు వలెనే వ్రేలితో త్రిప్పు చక్ర ముండెడిది. కుర్చీలో కూర్చుండి ఆ చక్రమును త్రిప్పినచో, గదిలో మఱొకచోట నున్న రేడియో తన స్టేషనును మార్చుకొనెడిది, ధ్వనిని హెచ్చించుకొనెడిది. ఆ పెట్టెలోనికి సంగీతము రాదు. దానినుండి సంగీతము పోదు. పోవునది ఆజ్ఞ మాత్రమే. చదువరు లీ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. తక్కిన వ్యాసమంతయు దీనిపై నాధారపడియున్నది.

మన పెండ్లిపందిళ్లలో ఇట్టి యేర్పాటును అందఱును చూచియే యుందురు. నాదస్వర విద్వాంసులు పందిటి యొక ప్రక్క కూర్చుండి వాయించుచుందురు. ముహూర్తము సమీపించినపుడు పురోహితుడు పీటలయొద్ద నుండియే చేయెత్తి సైగ చేయును. వెంటనే గట్టిమేళము మ్రోగును. సైగ చేసినవాడు నాదస్వరమును మోయనక్కఱలేదు. సైగ యైన పిమ్మట అతడు మంత్రము చదువుకొనుచుండినను మేళము ఆగదు. పాటను మోసికొనిపోవుట యొకటి, పాటకు సైగ చేయుట మఱొకటి. ఫోనుల విషయమునందును ఇంతే.

ఈ రెండు పనుల బరువులో నెంత భేదమున్నదో లెక్క వేసి చూతము. బ్లూటూత్ మూలమున స్పీకరునకు పాట పంపునపుడు సాధారణముగా వాడబడు ఎస్‌బీసీ అను కుదింపు పద్ధతిలో, మంచి నాణ్యతకు సెకనునకు సుమారు 3,28,000 బిట్లు, అనగా 41,000 బైట్లు, పోవలెను. అయిదు నిమిషముల పాటకు ఇది 1,23,00,000 బైట్లగును. అవి యెడతెగక పోవుచుండవలెను. నడుమ కొంచెము అడ్డు వచ్చినను చెవికి తెలియును. ‘ఆగుము’ అను ఆజ్ఞయో, దాని పైచిరునామా మొదలగు వానితో కూడ, సాధారణముగా వేయి రెండువేల బైట్లకు మించదు. అది ఒక్కసారి చేరిన చాలును. అర సెకను ఆలస్యమైనను ఎవరును గమనింపరు. కావుననే పాట తెగిపోవు దూరమునుండి కూడ ఆజ్ఞ సుఖముగా చేరగలదు.

బ్లూటూత్‌నందే ఈ రెండు పనులకును వేర్వేఱు నిబంధనలు కలవు. ఏ2డీపీ అనునది ధ్వనిని మోయును. ఏవీఆర్‌సీపీ అనునది ఆజ్ఞను మోయును. చెవికి పెట్టుకొను పరికరముపై మీట నొక్కగా ఫోనులోని పాట ఆగుట ఈ రెండవదాని వలననే. పదవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హెరాల్డ్ అను రాజు బిరుదు పేరే ఈ సాధనమునకు పెట్టబడినది. ఇది 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమున, 79 చిన్న మార్గములలో, సెకనునకు 1,600 మారులు ఒకదానినుండి మఱొకదానికి దుముకుచు పనిచేయును. ఫోనులందలి బ్లూటూత్ సాధారణముగా 10 మీటర్ల ప్రాంతమునకు చాలునని చెప్పుదురు. కాని మనుష్య శరీరమున నీ రధికము. నీరు ఈ తరంగములను పీల్చుకొనును. ఖాళీ హాలులో చక్కగా వినిపించిన పాట, జనము నిండిన హాలులో తెగిపోవుటకు ఇదియొక కారణము. సాధననాడు బాగుగా నడిచిన యేర్పాటు ఉత్సవమునాడు చెడిపోయిన దేలయని మేము పడిన యాశ్చర్యము ఇట్లు తీరినది.

ఇక రెండు ఫోనుల పద్ధతికి వత్తము. ఇందు పలు విధము లున్నవి. ఏ విధము తమకు తగునో తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. పాట యెచ్చట నున్నది? పాటల పట్టిక యెవరియొద్ద నున్నది? ఆజ్ఞ యెవరు ఇచ్చుచున్నారు?

మొదటి విధము యూపీఎన్‌పీ అను నిబంధనను అనుసరించును. 2003లో నేర్పడి 2017లో ముగిసిన డీఎల్‌ఎన్‌ఏ అను కంపెనీల కూటమి దీనినే విస్తారముగ వ్యాపింపజేసినది. ఇందు ముగ్గురు పనివారు కలరు. పాటలను దాచియుంచునది మీడియా సర్వర్. వినిపించునది మీడియా రెండరర్. ఆజ్ఞలిచ్చునది కంట్రోల్ పాయింట్. ఈ మూడును ఒకే వైఫై వలయములో నుండవలెను. చేతిలోని ఫోను మొదట 239.255.255.250 అను అందఱికిని పొత్తైన చిరునామాకు, “ఇచ్చట పాట వినిపింపగలవా రెవరు?” అని యొక పిలుపు పంపును. తరగతిలో హాజరు పిలిచినపుడు బాలురు పలికినట్లు, ఆ పని చేయగల పరికరములు తమ పేళ్లు చెప్పును. వానిలో నొకదానిని ఎన్నుకొని, “ఫలాని చోటనున్న ఫలాని పాటను తెచ్చికొని వాయింపుము” అని చెప్పవలెను. బబుల్‌యూపీఎన్‌పీ వంటి యాప్‌ల మూలమున ఆండ్రాయిడ్ ఫోను ఈ పనులన్నిటిని నిర్వహింపగలదు.

అయితే ఇందొక చిక్కున్నది. సామాన్యముగా ఈ పద్ధతిలో పాటల పట్టిక ఆజ్ఞాపించు ఫోనుయొద్దనే యుండును. ఒక పాట ముగియగానే రెండవదానిని మొదలుపెట్టుమని అదియే చెప్పవలెను. కావున చేతిలోని ఫోనునకు ఛార్జి అయిపోయినచో, నడుచుచున్న పాట చివరివఱకు వినవచ్చును గాని, తరువాతి పాట మొదలు కాదు. పాటలు కూడ ఆ ఫోనులోనే యుండినయెడల నడుచుచున్న పాటయే నిలిచిపోవును. పేరునకు రెండు ఫోనులున్నను భారమంతయు మరల ఒక్కదానిమీదనే పడినట్లగును. మా మొదటి ప్రయత్నము ఇట్లే చెడినది. కారణము తెలియక మేము రెండు సాయంకాలములు స్పీకరును నిందించితిమి.

రెండవ విధము అంతర్జాలముపై నాధారపడినది. 2013లో వచ్చిన స్పాటిఫై కనెక్ట్ ఇందుకు చక్కని యుదాహరణము. ఆ సంస్థ మన దేశమున 2019లో ప్రవేశించినది. ఒకే ఖాతాతో రెండు పరికరములను తెఱచి, ఒకదానినుండి మఱొకదానిని ఎన్నుకొనినచో, పాట చేతిలోని ఫోనుగుండ పోక, వినిపించు పరికరమే దానిని సంస్థవారి భాండారమునుండి నేరుగా తెచ్చికొనును. చేతిలోని ఫోనునకు పిలుపు వచ్చినను, అది ఆఱిపోయినను, పాట సాగుచునేయుండును. కాని అంతర్జాలము లేనిచోట ఇది యక్కఱకు రాదు. మా హాలులో ఉత్సవమునాడు వేయిమంది చేరినపుడు ఫోనులకు సిగ్నలే సరిగా నుండదు గనుక, దీనిని మేము నమ్మలేకపోతిమి.

ఆపిల్ వారి ఐఫోను, ఐప్యాడులకు 2022లో వచ్చిన ఐఓఎస్ 16తో ‘కంట్రోల్ నియర్‌బై డివైసెస్’ అను సౌకర్య మేర్పడినది. ఒకే ఖాతా, ఒకే వైఫై గల రెండు పరికరములలో ఒకదానినుండి రెండవదానిలోని పాటను నడపుట, ఆపుట మొదలగు ఆజ్ఞలు దీనిచే నియ్యవచ్చును. ఈ సౌకర్యమును వారు అంగవైకల్యము గలవారికి సాయపడు ‘యాక్సెసిబిలిటీ’ విభాగమున నుంచుట గమనింపదగినది. లేచి పోలేనివానికి ఇది వినోదము కాదు, అవసరము.

మూడవ విధమే మాకు నచ్చినది. వీఎల్‌సీ అను ఉచితమైన యాప్ పేరును పెక్కుమంది వినియుందురు. 1996లో పారిస్ నగర ప్రాంతమందలి యొక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు ఆరంభించిన పనినుండి ఇది పుట్టినది. 2001 నుండి దాని మూలలిపి అందఱికిని బహిరంగము చేయబడినది. విద్యార్థుల చేతిపని లోకమంతట వ్యాపించుట మనకు సంతోషకరము గదా! దీని క్రొత్త ఆండ్రాయిడ్ రూపములో ‘రిమోట్ యాక్సెస్’ అను ఏర్పాటు కలదు. దానిని తెఱచిన ఫోను తానే యొక చిన్న సర్వర్ అగును. అదే వైఫైలో నున్న మఱొక ఫోను, ఏ యాప్‌ను వేసికొనకయే, తన బ్రౌజరులో ఆ చిరునామాను వ్రాసి, పాటలను చూడవచ్చును, నడపవచ్చును, ఆపవచ్చును. మా మూడు ప్రశ్నలకు ఇచ్చట వచ్చు సమాధానములు స్పష్టముగా నున్నవి. పాట స్పీకరుకడ ఫోనులోనే యున్నది. పట్టికయు దానియొద్దనే యున్నది. చేతిలోని ఫోనునుండి పోవునది ఆజ్ఞ మాత్రమే.

మేము చేసిన యేర్పాటును ఇక చెప్పెదము. గాజు పగిలి యొక యింట మూల పడియున్న పాత ఆండ్రాయిడ్ ఫోను నొకదానిని సంపాదించితిమి. దానినుండి సిమ్ కార్డును తీసివైచి, ఏరోప్లేన్ మోడ్‌లో నుంచి, వైఫైని మాత్రము మరల తెఱచితిమి. ఇక దానికి పిలుపు రాదు. తక్కిన యాప్‌ల ప్రకటనలను కూడ మూసివైచితిమి. ఉత్సవమునకు వలసిన పాటలను వరుసక్రమమున దానిలో నింపితిమి. దానిని ఆంప్లిఫయరునకు బ్లూటూత్‌తో గాక తీగతోనే కలిపితిమి. ఏలయన రెండడుగుల దూరమునకు తీగకు మించిన నమ్మకమైనది లేదు. పైగా సామాన్యమైన వైఫైయును బ్లూటూత్‌ను ఒకే 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమున తిరుగును గనుక, పాత ఫోనునకు రెండు పనులు పెట్టుట మంచిది కాదు. మన దేశమున ఈ ప్రాంతమందు తక్కువ శక్తితో పనిచేయు పరికరములకు 2005 నాటి నిబంధనలచే లైసెన్సు అవసరము తీసివేయబడినది.

తరువాత వేదిక ప్రక్క నొక చిన్న రౌటరు నుంచితిమి. దానికి అంతర్జాలపు తీగ లేదు, అక్కఱయు లేదు. రెండు ఫోనులు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు అది చాలును. “ఈ వైఫైకి అంతర్జాలము లేదు, ఇందే యుండవలెనా?” అని ఫోను అడుగును, ఉండవలెనని చెప్పవలెను. లేనిచో అది తనంతట తాను వలయమును విడిచిపోవును. అతిథులకని వేఱుగా నుంచు వైఫైలలో పరికరములు ఒకదాని నొకటి చూడకుండ కట్టుదిట్టము చేయుట కలదు; అట్టిచోట ఈ పని సాగదు. మఱియు ఛార్జి పొదుపుకొఱకు ఆండ్రాయిడ్ ఫోను వెనుక నడచు యాప్‌ను నిద్రపుచ్చును. వీఎల్‌సీకి ఆ నియమమునుండి మినహాయింపు ఇయ్యవలెను. ఇది మఱచుటచే సాధనలో నొకనాడు పది నిమిషముల విరామము తరువాత మా యాజ్ఞలకు జవాబే రాలేదు.

పాత ఫోను విషయమున నొక హెచ్చరిక. దాని బ్యాటరీ యుబ్బి, వెనుక మూత పైకి లేచియున్నచో, అట్టిదానిని ఎంతమాత్రమును వాడరాదు, ఛార్జి పెట్టరాదు, పొడిచి చూడరాదు. లిథియం బ్యాటరీ చెడినపుడు అగ్నిప్రమాదమునకు కారణము కాగలదు. మంచి ఫోనునైనను వేడెక్కు ఆంప్లిఫయరుపై పెట్టరాదు.

ఇంతవఱకు యంత్రము సంగతి. దానిని వాడువారి సంగతియు కొంత చెప్పవలసియున్నది. మొదట మేము యూపీఎన్‌పీ పద్ధతిని పరీక్షించుచుండిన దినములలో, హాస్టలు విద్యార్థి యొకడు తన ఫోనుతో మా వలయములో ప్రవేశించి, ప్రార్థన గీతము నడుమ ధ్వనిని ఒక్కసారిగా హెచ్చించెను. చిన్నపిల్లలు జడిసిరి. ఆ పద్ధతిలో సామాన్యముగా ఎవరు వచ్చినను “నీ వెవడవు?” అని అడుగు నాచారము లేదు, వలయములో నున్నవాడెల్ల యజమానియే. ప్రధానోపాధ్యాయులవారు ఈ ప్రయత్నము నంతటిని నిలిపివేయ దలచిరి. వీఎల్‌సీ పద్ధతిలో, పాట వినిపించు ఫోను తెరపై కనబడు సంకేతాంకెలను వేసినగాని లోనికి రానీయదని వారికి చూపి, రౌటరు సంకేతపదమును కూడ మార్చి, ఇద్దఱికి మాత్రమే చెప్పెదమని మాట యిచ్చిన మీదట అనుమతించిరి. ఆ విద్యార్థి తరువాత మా సంఘమున చేరినాడు. ఆజ్ఞ యిచ్చు శక్తి చేతికి వచ్చినంతమాత్రమున ఆజ్ఞ యిచ్చు నధికారము రాదని అతడును, తలుపునకు గడియ పెట్టక దొంగను నిందింపరాదని మేమును నేర్చుకొంటిమి.

ఈ యేర్పాటువలన మేము తలపని లాభ మొకటి కలిగినది. మా సంగీతపు మాష్టరుగారు వృద్ధులు. మోకాళ్ల నొప్పిచే వేదిక మెట్లు ఎక్కలేరు. ఇదివఱకు సాధన సమయమున పాటను ఆపవలెనన్న వేదికపైనున్న బాలుని కేకవేయవలసివచ్చెడిది. వాడు వినునప్పటికి చరణము దాటిపోయెడిది. ఇప్పుడు వారు ముందువరుస కుర్చీలో కూర్చుండి, ఫోను ఒడిలో నుంచుకొని, అడుగు తప్పినచోట పాటను ఆపి, పల్లవికి మరల్చి, “ఇప్పుడు చేయుడు” అనుచున్నారు. ఒకే చరణమును ఆఱుమారులు వినిపించినను వారికి అలసట లేదు. “మీ ఫోను నాకు రెండు కాళ్లిచ్చినది” అని వారు నవ్వుచు అన్న మాట మాకు బహుమానమైనది.

ఈ సంవత్సరపు ఉత్సవమున ఆ బాలికలే, ఇప్పుడు ఏడవ తరగతివారు, మరల కోలాటము వేసిరి. హాలు నిండియుండెను. ఆజ్ఞాపించు ఫోను మా సంఘ కార్యదర్శి చేత నుండెను. విచిత్రమేమనగా, పాట నడుమ ఆ ఫోనునకు నిజముగనే పిలుపు వచ్చినది. అతడు హాలు వెలుపలికి పోయి, మాటలాడి, మరల వచ్చి నిలువబడెను. అంతసేపును వేదిక ప్రక్కనున్న పగిలిన ఫోను తన పాట తాను పాడుచునేయుండెను. కోలలు తాళము తప్పలేదు. పిలుపు వచ్చిన సంగతి బాలికలకు తెలియనే తెలియదు. ఈ వ్యాసము చదివిన పిమ్మటనే తెలియును.

ఇంట నొక పాత ఫోను మూల పడియున్న విద్యార్థులు దానిని పాఱవేయకముందు ఒకసారి మాయొద్దకు తేవలెనని కోరుచున్నాము. ప్రతి శనివారము సాయంకాలము మా ప్రయోగశాల తెఱచియుండును. పాట యెచ్చట నుండవలెను, పట్టిక యెవరియొద్ద నుండవలెను, ఆజ్ఞ యెవరు ఇయ్యవలెను అను మూడు ప్రశ్నలకు జవాబులు మీరు చెప్పుడు. తక్కిన పని కలిసి చేసికొందము.